తామర దూకిన మూల

రాజం కాక చనిపోయిన కబురు నాకు వాయిస్ మెసేజ్‌గా వచ్చింది. అప్పుడు నేను దుబాయ్‌కు దూరంగా కల్బాలో, చేపల కోల్డ్ స్టోరేజీ వెనక, కంప్రెసర్ పక్కన గొంతుక్కూర్చుని ఫిల్టరు కడుగుతున్నాను. తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే ఎప్పుడూ వినని గొంతు. కాక అల్లుడట. "అన్నా, మా మామ నిన్న పొద్దుగాల కాలం జేసిండు. నువ్వెవరో నాకు ఎర్కలేదు గని, ఆయన ఫోన్ల నీ పేరు 'ఐసు గంగాధర్' అని ఉన్నది. ఫోన్ల ఉన్నోళ్ళందరికి చెప్పుకుంట వస్తున్న." వెనక డప్పులు వినిపించాయి. ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది. అంతటితో మెసేజ్ అయిపోయింది.

నాకు ఏడుపు రాలేదు. ఫిల్టరు బిగించాను, గేజీ చూశాను, మధ్యాహ్నం వచ్చిన చేపల లారీ దింపించాను. సాయంత్రం పని దిగి సముద్రం ఒడ్డున రాళ్ళ మీద కూర్చున్నాక మొదట గుర్తొచ్చింది కాక ముఖం కూడా కాదు, దుబాయ్ అల్ ఖూజ్‌లో మా పాత గది వాసన. పోపులో మాడిన ఎండుమిరపకాయలు, దంచిన ఎల్లిపాయ, పక్కగది బెంగాలీల ఆవనూనె, ఏసీ కింద బకెట్లో నిలిచిన నీళ్ళ చెమ్మ, వీటన్నిటి కిందా నా బూట్ల నుంచి వచ్చే తడి రబ్బరు వాసన. ముప్ఫై దాటీ దాటకుండానే ఐదారేళ్ళ కిందటి సంగతుల్ని జ్ఞాపకాలంటే నవ్వేవాళ్ళుంటారు. కానీ కరోనా ఏడు బతికినవాళ్ళకు ఆ ఏడు ఎంత పొడుగో తెలుసు. నా పడుచుదనంలో మంచి భాగమంతా అందులోనే గడిచిపోయినట్టుంటుంది నాకు.

మాది రెండో అంతస్తులో చివరి గది. ఒకదాని మీద ఒకటి ఉండే డబుల్ మంచాలు నాలుగు, ఎనిమిది మందిమి. అందరం జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు వాళ్ళమే. మా కంపెనీకి టైల్స్ పనీ ఉండేది, ఏసీ పనీ ఉండేది. కాకది టైల్స్, నాది ఏసీ. కరోనా వచ్చిన ఎండాకాలంలో పనులు ఆగిపోయి, మళ్ళీ విమానాలు కదిలాక ఒక్కొక్కళ్ళే పెట్టె కట్టుకుని వెళ్ళిపోయారు. ఒకడి భార్యకు కాన్పు దగ్గర పడింది, ఒకడికి వీసా అయిపోయింది, ఇంకొకడు ఏ కారణమూ లేకుండా భయంతోనే వెళ్ళిపోయాడు. చివరికి మిగిలింది కాక, నేను. కాకకు అప్పటికి యాభై ఐదు దాటి ఉంటాయి. వారంలో రెండు మూడు రోజులే పని దొరికేది. మిగతా రోజులన్నీ గదిలోనే ఉండేవాడు.

ఆ రోజుల్లో కాక దినచర్య ఒకటి ఉండేది. పొద్దున్నే లేచి తువ్వాల తలకు చుట్టుకుని, అల్లం దంచి చాయ్ పెట్టేవాడు. చాయ్ తాగాక చీపురు పట్టుకుని గదంతా ఊడ్చేవాడు. ఎవరూ లేని మంచాల కింద కూడా ఊడ్చేవాడు. ఆ తర్వాత ఆ ఆరు మంచాల మీది దుప్పట్లు ఒక్కొక్కటీ దులిపి, మళ్ళీ మడత పడకుండా పరిచేవాడు. "వాళ్ళు లేరు గద కాకా, ఎందుకు?" అని ఒకసారి అడిగాను. "దుమ్ముకు ఎర్కుంటదారా వాళ్ళు లేరని?" అన్నాడు, దిండు తడుతూ. మధ్యాహ్నం పచ్చిపులుసు, పప్పు. బియ్యం మాత్రం ఎంత చెప్పినా ఎనిమిది మందికి సరిపడా నానబోసేవాడు. చెయ్యి అలవాటు తప్పలేదు. మిగిలిన అన్నం పక్కగది వాళ్ళకు ఇచ్చేవాడు.

నాకు పని పోలేదు. నిజానికి అప్పుడే నాకొక విచిత్రమైన పని దొరికింది. దుబాయ్‌లో, గడ్డకట్టిన ఐసు మీద జారుతూ ఆడే ఒక ఐస్ రింకు ఏసీలు, చిల్లర్లు చూసే కాంట్రాక్టు మా కంపెనీకి ఉండేది. చిల్లరంటే నేల కింది గొట్టాల్లో చలి నింపి, పైన పోసిన నీళ్ళను గడ్డ కట్టించే యంత్రం. నేను అక్కడ హెల్పర్ని. రింకులో ఐసును చదును చేసే పెద్ద బండి ఒకటి ఉంటుంది. దాన్ని నడిపే ఫిలిప్పీన్స్ మనిషి విమానం ఎక్కి వెళ్ళిపోతే, ముదీర్, అంటే అక్కడి మేనేజరు, మా అందరినీ నిలబెట్టి బండి ఎవరికొచ్చని అడిగాడు. నేను చెయ్యెత్తాను. అంతకుముందు నేను నడిపింది ట్రాక్టరొక్కటే, అదీ నాట్ల ముందు బురద పొలంలో. ఆశ్చర్యమేమిటంటే రెండూ ఒకే పని. కింద ఒక పెద్ద కత్తి ఐసు పైపొరను సన్నగా చెక్కుతుంది. వెనకనుంచి వేడినీళ్ళు పల్చగా పరుచుకుంటాయి. ఒక చాలుకు ఇంకో చాలు కొంచెం ఎక్కుతూ, మూలలు వదలకుండా, మధ్యలో బండి ఆపకుండా తిప్పాలి. పొలంలో మా నాయన వెనకనుంచి అరిచేవాడు. ఇక్కడ అరిచేవాళ్ళు లేరు. బయట నలభై డిగ్రీల ఎండ, లోపల నేను రెండు స్వెటర్లు వేసుకుని, ఖాళీ కుర్చీల మధ్య, ఖాళీ ఐసు మీద గుండ్రంగా తిరుగుతూ ఉండేవాణ్ణి.

ఆ చలికాలం రాకముందే, ఎండ ఇంకా విరగకముందే, రింకులో అంతర్జాతీయ ఫిగర్ స్కేటింగ్ పోటీ జరుగుతుందన్నారు. ఆ ఆటవాళ్ళకు ఏడాది మొదలయ్యేది అప్పుడేనట. ముందు చిన్న పోటీలు, వసంతంలో పెద్దవి. చాలా దేశాల్లో రింకులు మూసి ఉన్నాయి కాబట్టి కొందరు నెల ముందే వచ్చి ఇక్కడ సాధన చేసుకుంటున్నారు. అలా వచ్చిన వాళ్ళలో ఒక పిల్ల ఉంది. పంతొమ్మిదో, ఇరవయ్యో. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఒకే నల్ల స్వెటర్. నల్ల సముద్రం పక్కన ఏదో చిన్న దేశమని చెప్పింది. మిగతా వాళ్ళ వెంట కోచ్‌లు, తల్లులు ఉండేవారు. ఈ పిల్ల ఒక్కతే. కోచ్‌కు పాజిటివ్ వచ్చి విమానం ఎక్కనివ్వలేదట. అందుకని ఎవరికీ అక్కర్లేని పొద్దుటి గంట ఆమెకు ఇచ్చారు. ఐదున్నరకు బండి తిప్పేవాణ్ణి, ఆరుకు ఆమె దిగేది. రింకు మొత్తంలో ఐసు మీద ఆమె, గేటు దగ్గర నేను.

పేరు అడిగితే తమారా అంది. గదికి వచ్చి కాకకు చెబితే నాలుక తిరగక, "తామరా? పువ్వు పేరు మంచిగనే పెట్టుకున్నరు" అన్నాడు. ఇక మా గదిలో ఆమె తామరే.

స్కేటింగ్ గురించి నాకు ఏమీ తెలియదు. నాకు తెలిసింది గుంటలు. వాళ్ళ బూటు కత్తి ముందు భాగంలో రంపంలా పళ్ళుంటాయి. ఎగిరేముందు ఆ పళ్ళతో ఐసును పొడుస్తారు, ఆ పోటు ఊతంతోనే లేస్తారు. పొడిచిన చోటల్లా గుంట. గంట అయ్యాక బకెట్లో తడి మంచు కలుపుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో గుంటలో కూరి, అరచేత్తో అదిమి, పైన కాసిన్ని నీళ్ళు చల్లడం నా పని. తామర ఎక్కువగా ఒకే దూకు సాధన చేసేది. ఎడమ గేటు పక్క మూలకు వెనక్కి జారుతూ పెద్ద వంపుగా వచ్చి, కుడికాలు చాచి పొడిచి, మూడు చుట్లు తిరిగి దిగేది. పదిసార్లు దూకితే ఆరుసార్లు పడేది. పడినప్పుడల్లా లేచి, తొడ మీది మంచు దులుపుకుని, మళ్ళీ అదే వంపు. ఆమె దూకిన తీరు చూడకపోయినా గుంట చూస్తే నాకు తెలిసేది. మంచి దూకుకు గుంట చిన్నగా, లోతుగా, శుభ్రంగా ఉంటుంది. పడిన దూకుకు అంచు విరిగి గీరుకుపోయి ఉంటుంది.

మొదట్లో మేము మాట్లాడుకునేది గుంటల గురించే. ఆమె కాలితో చూపించి "హియర్, ప్లీజ్" అనేది, నేను "ఓకే మేడమ్" అనేవాణ్ణి. వారానికి మేడమ్ పోయింది. నా పేరు గంగా అయింది. ఒకరోజు విశ్రాంతికి అంచున కూర్చుని తన గురించి చెప్పింది, సగం ఇంగ్లీషులో, సగం చేతుల్తో. తనకు పతకం రాదని తనకు తెలుసట. పతకానికి రాలేదు. వసంతంలో జరిగే పెద్ద పోటీకి వెళ్ళాలంటే దూకులకూ గిరికీలకూ వచ్చే మార్కుల్లో ఒక కనీసపు అంకె దాటాలి. మొదటిరోజు ఆడే చిన్న పాటకు ఒకటి, రెండోరోజు ఆడే పెద్ద పాటకు ఒకటి. ఆమె దేశం నుంచి ఇప్పటిదాకా ఏ ఆడపిల్లా అది దాటలేదు. ఆ దూకు నిలబడితే దాటుతుంది. నిలబడకపోతే ఇంట్లోవాళ్ళు ఇక చదువు చూసుకోమంటారు.

గదికి రాగానే కాక అడిగే మొదటి మాట అదే అయింది. "ఇయ్యాల దునికిందా?"

"నాలుగుసార్లు నిలబడ్డది కాకా."

"పడ్డప్పుడు దెబ్బ తాకలే గద?"

"తాకదా మరి? అది రాయి లెక్కుంటది."

"అవ్వ దగ్గరుంటే నూనె రాస్తుండె" అనేవాడు కాక, పెనం మీద రొట్టె తిప్పుతూ. ఆయన ఎప్పుడూ ఐస్ రింకు చూడలేదు. టైల్స్ మనిషి కదా, ఆయన మనసులో అదొక పెద్ద తెల్లరాతి హాలు. "కింద లెవలు మంచిగుంటే పిల్లలు పడరు" అనేవాడు. "నువ్వు లెవలు మంచిగ వట్టు." అది ఆయన పనివాడి సలహా. నేను నవ్వేవాణ్ణి కానీ మర్నాడు ఆ మూల ఇంకో రెండు చుట్లు ఎక్కువే తిప్పేవాణ్ణి.

పోటీ వచ్చింది. ప్రేక్షకులు లేరు. కుర్చీలన్నిటికీ పసుపు టేపు కట్టారు. న్యాయనిర్ణేతలు మాస్కులతో, మధ్యమధ్య ప్లాస్టిక్ తెరలతో ఒక పక్క వరుసగా కూర్చున్నారు. ఆడపిల్లల విభాగంలో తొమ్మిది మందే. ఆట అయ్యాక మార్కుల కోసం కూర్చునే తెల్ల సోఫా ఒకటి వేశారు. మిగతా పిల్లలు వాళ్ళ కోచ్‌లతో కూర్చుంటే, తామర ఆ పొడుగు సోఫాలో ఒక అంచున ఒక్కతే కూర్చుంది, ఒళ్ళో నీళ్ళ సీసా పెట్టుకుని. పాట మొదలయ్యేముందు ఒక క్షణం ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, కింద గొట్టాల్లో చలినీళ్ళు పారే చప్పుడు నాకు వినబడేది. మొదటిరోజు చిన్న పాటకు ఆమెకు కావలసిన అంకె వచ్చింది. తెర మీద చూసుకుని, పక్కన ఎవరూ లేక, గేటు దగ్గర పార పట్టుకుని నిలబడ్డ నా వైపు చూసి బొటనవేలు ఎత్తింది. ఆ సాయంత్రం కాక సేమియా పాయసం చేశాడు.

రెండోరోజు మధ్యాహ్నం పెద్ద పాట. ఆ పొద్దున చిల్లర్ ట్రిప్ అయి ఆగిపోయింది. మా ఇంజినీరు బిజు, కేరళ మనిషి, చెమటలు కారుతూ పరిగెత్తుకొచ్చాడు. గంటకు పైగా కొట్టుకుంటే గానీ యంత్రం మళ్ళీ ఎత్తుకోలేదు. ఆలోపు ఐసు మెత్తబడి పైన చెమ్మ తేలింది. నేను బండి తిప్పాను. పైపొర గట్టిపడింది. కానీ అంతకుముందు రెండు రోజులు అందరూ పొడిచిన ఎడమ మూలలో గుంటలు లోతు. అక్కడ కూరిన మంచు ఇంకా రాయి కాలేదు. బొటనవేలితో నొక్కి చూశాను. పైన అద్దంలా ఉంది, లోపల కొంచెం కదిలింది. ఇంకో పదిహేను నిమిషాలు వదిలేస్తే చాలు.

ముదీర్ గేటు దగ్గరికి వచ్చాడు. ఆయన వెనక పోటీ పెద్దలిద్దరు, చేతిలో గడియారాలు. అప్పటికే ఆలస్యం. ప్రసారం మొదలుపెట్టాలంటున్నారు.

"యల్లా, గంగా! ఐస్ రెడీ?"

నేను ఆ మూల వైపు చూశాను. బిజు నా వైపు చూశాడు. నాకు ఆ బండి దొరికి నాలుగు నెలలు. కంపెనీలో సగంమందిని ఇంటికి పంపేశారు.

"రెడీ సర్" అన్నాను.

"ఖలాస్. గో, గో" అని ఆయన పెద్దలకు సైగ చేశాడు.

తామర మూడోది. పాట పేరు నాకు తెలియదు, నెల రోజులు విన్నదే. మొదటి సగం ఆమె ఎన్నడూ ఆడనంత బాగా ఆడింది. పడలేదు, తడబడలేదు. అప్పుడు ఆ వంపు మొదలుపెట్టింది. వెనక్కి జారుతూ ఎడమ మూలకు వచ్చింది. కుడికాలు చాచింది. పొడిచింది. కాలు లోపలికి దిగిపోయింది. లేవవలసినంత ఎత్తు లేవలేదు. గాలిలో సగం తిరిగి పక్కకు పడి, జారుతూ వచ్చి నేను నిలబడ్డ గేటుకు తగిలింది. మా మధ్య చెక్క తప్ప ఏమీ లేదు. నన్ను చూడలేదు. లేచి వెళ్ళి మిగతా పాట పూర్తిచేసింది.

ఆ తర్వాతి విరామంలో పార, బకెట్ తీసుకుని నేను ఆ మూలకు వెళ్ళాను. నేను కూరిన మంచు మూతలా ఊడి పక్కన పడి ఉంది. గుంట నోరు తెరిచి ఉంది. చుట్టూ ఐసు మీద ఆమె గీసిన వంపు, తీగలా, ఎక్కడా వణకని గీత. దూకు తప్పు కాదు. నేను ఎవరికీ చెప్పలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఆ గుంటను పూడ్చేశాను. ఈసారి బాగా అదిమాను. ఆ తర్వాత దూకిన పిల్లలెవరూ అక్కడ పడలేదు.

ఫలితాల కాగితం గోడకు అంటించారు. తామర ఏడో స్థానం. ఏడో స్థానం ఆమెకు లెక్కలోది కాదు. కావలసిన అంకెకు అర మార్కు తగ్గింది. అందరూ చూసి వెళ్ళాక ఆమె వచ్చి, వేలితో ఒక్కో గడీ తాకుతూ చాలాసేపు చదివింది. నేను బూట్లు విప్పే చోట రబ్బరు చాపలు కడుగుతున్నాను. తిరిగి నా దగ్గరికి వచ్చి, "సారీ గంగా. మై లెగ్" అంది, కుడి తొడ మీద కొట్టుకుంటూ. నెల రోజులు ఐసు బాగు చేసినవాడికి ఆమె క్షమాపణ చెబుతోంది. నేను ఏమన్నానో తెలుసా? "నో ప్రాబ్లం" అన్నాను.

ఆ సాయంత్రం గదిలో "దునికిందా?" అన్న కాక ప్రశ్నకు లేదన్నాను. మర్నాడు ఇంకేమీ అడగలేదు కానీ, రెండు రోజులు నేను అన్నం సగంలో వదిలేస్తే మూడోనాడు కంచం ముందు కూర్చోబెట్టి అడిగాడు. చెప్పాను. మూల, గుంట, రెడీ సర్, అన్నీ. కాక పప్పు గంటె గిన్నెలో పెట్టాడు.

"నేను సుత ఒకపారి ఒక ఇంట్ల బోలు టైలు పెట్టిన" అన్నాడు. "కింద సిమెంటు మాలు సరిగ నింపలే. మేస్త్రి జల్ది జల్ది అన్నడు. నెలకు ఆ ఇంటి ముసలామె దాని మీన కాలు వెట్టి జారి పడ్డది. అందరు ఆమె సూపు మందగించింది అన్నరు. ఆమె సుత గదే అనుకున్నది. నేను పక్క ఇంట్లనే పని జేస్తున్న, చెప్పలే." గంటె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "గా పిల్ల ఉన్నదా, పోయిందా?"

"శనివారం విమానం. హోటల్లనే ఉంచిన్రు, బయటికి పంపరు."

"అయితే పోయి చెప్పు. కాలు తప్పు కాదని కాలుకు తెల్వాలె గద."

శుక్రవారం మధ్యాహ్నం బస్సు పట్టుకుని వెళ్ళాను. హోటల్ లోపలికి రానివ్వలేదు. గేటు దగ్గర కూర్చున్న వాచ్‌మన్, పెషావర్ నుంచి వచ్చిన పెద్దాయన, నా కార్డు చూసి, నా ముఖం చూసి, రిసెప్షన్‌కు ఫోన్ చేయించి ఆమె గదికి కలిపించాడు. ఫోన్ నా చేతికిచ్చి మర్యాదగా నాలుగడుగులు దూరం జరిగాడు. నేను బస్సులో కూడబలుక్కున్న ఇంగ్లీషంతా మరిచిపోయాను. "తామరా, ఐస్ నాట్ రెడీ. ఐ సే రెడీ. హోల్ ఓపెన్. నాట్ యువర్ లెగ్. మై మిస్టేక్" అన్నాను. ఒక్క గుక్కలో అన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది.

వాచ్‌మన్‌కు షుక్రియా చెప్పి బస్టాపుకు వెళ్ళి కూర్చున్నాను. ఎండ. రోడ్డు మీద కార్లు తప్ప మనిషి లేడు. బస్సులు రెండు వచ్చాయి, ఎక్కలేదు. అప్పుడు వాచ్‌మన్ రోడ్డుకు అవతలి నుంచి చెయ్యూపుతూ కేకేశాడు. "ఓ భాయ్! గంగా తుమ్ హీ హో నా? లడ్కీ కా ఫోన్ హై!"

పరిగెత్తాను. ఆమె గొంతు మామూలుగా లేదు, కానీ ఏడవడమూ లేదు. "ఏ మూల?" అని అడిగింది. ఎడమ గేటు మూల అన్నాను. "ఎంత లోతు?" నేను ఫోన్ పట్టుకునే బొటనవేలు చూపించి, ఆమెకు కనబడదని గుర్తొచ్చి, "థంబ్. ఫుల్ థంబ్" అన్నాను. వంపు గీత ఎలా ఉందని అడిగింది. నేను చూసింది చెప్పాను, ఎక్కడా వణకలేదని, తీగలా ఉందని, "స్ట్రాంగ్ లైన్" అని. ఆ తర్వాత నిదానంగా, నాకు అర్థమయ్యేలా ఒక్కో మాటా విడదీసి చెప్పింది. ఆమె కోచ్ ఫోన్లో ఆ దూకు ఇక నీ కాలికి రాదు, తీసేద్దాం అన్నాడట. మూడు రోజులుగా ఆమె తన కాలిని తిట్టుకుంటోందట.

"నేను ముదీర్‌తో చెబుతాను" అన్నాను.

"నో" అంది వెంటనే. "పేపర్ ఫినిష్. యువర్ జాబ్ ఆల్సో ఫినిష్. నో." ఆపైన, "ఐ యామ్ యాంగ్రీ విత్ యూ, గంగా" అంది. అవునన్నాను. "వెరీ యాంగ్రీ" అంది. మళ్ళీ అవునన్నాను. "బట్ నౌ ఐ స్లీప్" అని ఫోన్ పెట్టేసింది. ఆమె గొంతు నేను వినడం అదే ఆఖరు. ఫోన్ నంబరు అడగాలని నాకూ తోచలేదు, ఆమెకూ తోచలేదు.

ఆ దూకు ఆమె తీసేయలేదు. ఆ సంగతి నాకు చలికాలంలో తెలిసింది, యూరప్‌లో ఒక చిన్న పోటీ ఫలితాలు ఫోన్లో వెతుకుతుంటే. స్థానం పదకొండు. కానీ పెద్ద పాట దగ్గర ఆమెకు కావలసిన అంకె దాటి ఉంది. నాకు ఆ కాగితాలు చదవడం అప్పటికి వచ్చు. దూకుల వరుసలో ఆ దూకు ఉంది, పక్కన తప్పు గుర్తేమీ లేదు. కాకకు చూపిస్తే, చదువు రాకపోయినా ఫోన్ చేతిలోకి తీసుకుని ఆ అంకెల మీద వేలు పెట్టి, "ఇదేనా?" అని రెండుసార్లు అడిగాడు.

వసంతంలో పెద్ద పోటీ జరిగింది. ఏదో చలి దేశంలో, అక్కడా ప్రేక్షకులు లేరు. కాక కింది మంచం మీద ఫోన్‌ను నూనె డబ్బాకు ఆనించి పెట్టుకున్నాం. అప్పటికి మా గదిలో దుప్పట్లు మారలేదు, మనుషులూ రాలేదు. కాక ఐసు చూడడం అదే మొదలు. తెల్లటి ఆ మైదానం మధ్యలోకి తామర జారుతూ వచ్చి ఆగగానే ఆయన ముఖం ముందుకు జరిపాడు. "గింత పెద్ద జాగల ఒక్కతేనా?" అన్నాడు. అది ఆయనకు అంతవరకు తట్టలేదు. ఆమె ఆ మూలకు వెనక్కి జారుతూ వచ్చినప్పుడు కాక నా మోకాలు పట్టుకున్నాడు. దూకింది, నిలబడింది. కాక ఊపిరి వదిలి, తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. మొత్తంలో ఆమెది చివరి నుంచి నాలుగో స్థానం. రెండోరోజు ఆడడానికి అది చాలదు. సోఫాలో ఈసారి కోచ్ పక్కనే ఉన్నాడు, ఆమె ఏడుస్తూ నవ్వుతోంది. "కూసో బిడ్డా, అలిసిపోయినవ్" అన్నాడు కాక, తెర వైపు చూస్తూ, తెలుగులో.

ఆ ఎండాకాలమే కాక ఇంటికి వెళ్ళిపోయాడు. ఏడాది తిరక్కుండా నేనూ ఆ రింకు వదిలేశాను. బండికి కొత్త మనిషి వచ్చాడు, నన్ను కంపెనీ ఇంకోచోటికి వేసింది, అక్కడినుంచి కల్బాకు వచ్చాను. పెళ్ళయింది, పాప పుట్టింది, వాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. ఇప్పుడు నేనుండే గదిలో ఆరుగురం, ఒక్క మంచమూ ఖాళీ లేదు. ఒకడు పాటలు పెడతాడు, ఒకడు వీడియో కాల్లో పిల్లలతో గట్టిగా మాట్లాడతాడు, పొయ్యి దగ్గర వంతు కోసం కొట్లాట. ఇంత సందట్లో కూడా, పని నుంచి వచ్చి బూట్లు విప్పితే ఈ రోజేం జరిగిందని అడిగేవాడు లేడు. అప్పుడు ఆరు ఖాళీ మంచాల మధ్య ఉండేవాణ్ణి, కానీ ఒక మనిషి నా కోసం, నేను తెచ్చే ఒక కబురు కోసం, చాయ్ దించకుండా కాచుకుని ఉండేవాడు. ఏది ఒంటరితనమో అప్పట్లో నాకు సరిగా తెలియదనుకుంటాను. ఐసు ఇప్పుడూ నా చేతి కిందే ఉంది. చూర చేసి చేపల మీద పోస్తాం. దాని లెవలు ఎవరూ చూడరు.

ప్రతి ఏడూ ఎండ విరిగే ముందు ఆ చిన్న పోటీల జాబితాలు ఫోన్లో చూస్తాను. మొదటి రెండేళ్ళు ఆమె పేరు కనబడింది, తర్వాత లేదు. చదువుకు వెళ్ళిందో, పిల్లలకు నేర్పుతోందో తెలియదు. రాళ్ళ మీద కూర్చున్న ఆ సాయంత్రం కాక కబురు ఆమెకు చెప్పాలనిపించింది. ఎలా చెప్పను? ఆమెకు అలాంటి మనిషి ఒకడున్నాడనే తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు. అల్ ఖూజ్‌లో ఒక టైల్స్ మేస్త్రి తన కాలి కోసం నన్ను హోటల్‌కు పంపాడని, తన పేరును పువ్వు పేరుగా పలికాడని, తనకు మొదటి అంకె వచ్చిన రోజు పాయసం వండాడని ఆమెకు ఏమీ తెలియదు. ఆ ఏడాది తామర కోసం కాచుకున్నవాళ్ళం మేమిద్దరం. ఇప్పుడు నేనొక్కణ్ణి.